మడమ చప్పుడు

పెంచలయ్య పనిచేసే గదిలో ఒక ఇనుప మడమ ఉంది. ఎనిమిదిన్నర కిలోల బరువుతో, రోజుకు ఇరవై వేల సార్లు, అలుపూ సొలుపూ లేకుండా అది బూటు మీద పడి లేస్తుంది. నాయుడుపేట దగ్గరి బూట్ల కంపెనీలో, పరీక్షల విభాగంలో చేరిన పదకొండేళ్ళుగా ఆ చప్పుడు వినకుండా ఆయనకు పొద్దు గడవలేదు. బూటు మంచిదైతే చప్పుడు బొద్దుగా వస్తుంది. అరిగిన బూటైతే కర్ర మీద కర్ర కొట్టినట్టు వస్తుంది. తెర మీద గీత చూడకుండానే ఏ బూటు ఎన్నాళ్ళు నిలుస్తుందో ఆయన చెవితో చెప్పేవాడు.

ఎన్-నలభై వచ్చాక ఆ గదిలో చప్పుడు ఆగిపోయింది.

బూటు పైభాగానికీ అడుగు పట్టాకీ నడుమ మందంగా ఒక నురుగు పొర ఉంటుంది. దాన్ని మిడ్‌సోల్ అంటారు. ఇడ్లీని తుంచితే కనిపించే గదుల్లాంటివే దాంట్లోనూ వేలకు వేలు ఉంటాయి, గాలితో నిండి. అడుగు పడగానే ఆ గదులు నలుగుతాయి. ఒక్క ఊపున తగలాల్సిన దెబ్బ కాస్త సాగి, విడతలుగా తగులుతుంది. ఆ తర్వాత గదులు మళ్ళీ లేచి పాదాన్ని పైకి తోస్తాయి. ఎంత ఖరీదైన నురుగైనా దెబ్బను పూర్తిగా మింగలేదు. కొన్ని వందల కిలోమీటర్లు నడిచేసరికి గదులు అణిగిపోయి, నురుగు చచ్చుబడుతుంది.

హైమవతి మేడం తయారుచేసిన ఎన్-నలభై నురుగు అలాంటిది కాదు. అది మనిషి నడకను నేర్చుకుంటుంది. మూడు రోజులు వేసుకుంటే చాలు, ఏ అడుగు ఎంత బరువుతో, ఏ పక్కకు ఒరిగి పడబోతోందో రెప్పపాటుకు ముందే పసిగడుతుంది. సరిగ్గా అక్కడే మెత్తబడి దెబ్బను మింగుతుంది. పాదం లేచే వేళకు గట్టిపడి ముందుకు తోస్తుంది. నూటికి రెండు పాళ్ళ దెబ్బ కూడా ఎముక దాకా వెళ్ళదు. మిషను మీద పెడితే ఇనుప మడమ పడి లేవడం కంటికి కనపడేది గాని చెవికి వినపడేది కాదు. పనివాళ్ళు దానికి వెన్నముద్ద అని పేరు పెట్టారు.

"అరిగిన మోకాళ్ళతో మా అమ్మ ఆరేళ్ళు మంచంలోనే ఉండిపోయింది పెంచలయ్యా. ఇది అప్పుడే ఉండి ఉంటే గుమ్మం దాటి వచ్చేది," అంది మేడం, మొదటి జత చేతికిచ్చిన రోజు. పెంచలయ్య ఆ జతను కళ్ళకద్దుకున్నాడు. బూట్లను కళ్ళకద్దుకోవడమేమిటని పక్కవాళ్ళు నవ్వారు. పనిముట్టుకు దండం పెట్టినట్టే అనుకున్నాడాయన.

పరీక్షకు కూర్చిన నలభై మందీ చుట్టుపక్కల వాళ్ళే. బస్సు కండక్టర్లు, కూరగాయలమ్మే ఆడవాళ్ళు, పోస్టుమన్లు. వాళ్ళలో పెంచలయ్యా ఒకడు. ఆరు నెలల పాటు వాళ్ళ మడమలను నెలనెలా ఎముక గట్టితనం కొలిచే పెట్టెలో పెట్టి చూసి, ఫారాలు నింపించింది ఆయనే. ఎవరికీ ఒక్క అంకె తగ్గలేదు.

అది చూసిన ధైర్యంతోనే ఆయన రెండు జతలు తీసుకెళ్ళి కూతురికిచ్చాడు.

కామాక్షికి పదిహేడేళ్ళు. నెల్లూరు క్రీడల హాస్టల్లో ఉండి పదిహేను వందల మీటర్లు పరుగెత్తుతుంది. చిన్నప్పటి నుంచీ ఆ పిల్లది బరువైన నడక. మడమ ముందు పడేది, ఇల్లు అదిరేది. దేవుడి అరలో గంట దానంతటదే మోగేది. తల్లి చెంగమ్మ రోజూ అరిచేది: "ఆడపిల్ల నడిచినట్టుండాదా అది, దున్నపోతు దూకినట్టుండాదా? మెల్లంగా నడువు, నా తల్లీ!"

రెండు జతల్లో ఒకటి మైదానానికి, రెండోది గదిలో తిరగడానికి. ఇచ్చేటప్పుడు పెంచలయ్య ఒకటికి రెండుసార్లు చెప్పాడు: "ఇది నీ నడక నేర్చుకుంటది తల్లీ. ఎంత ఎక్కువ వేసుకుంటే అంత బాగా నేర్చుకుంటది. ఇడవొద్దు." చెప్పిన మాట తు.చ. తప్పని పిల్ల. స్నానానికీ నిద్రకీ తప్ప అయిదు నెలలుగా వాటిని విడవలేదు.

ఆ శుక్రవారం సాయంత్రం హాస్టల్ నుంచి ఫోను వచ్చింది. వారానికి ఆ ఒక్క పూటే పిల్లల చేతికి ఫోనిస్తారు.

"నాయనా, రేపు సాయంత్రం నాలుగ్గంటలకు నా పరుగు. గెలిస్తే రాష్ట్రం జట్టులోకే."

"కాళ్ళెట్టా ఉండాయి?"

"బాగుండాయి. వెన్నముద్దలేసుకుంటే నేల మీద ఉన్నట్టే లేదు. స్నానాల గదిలోనే..." అని ఆగింది.

"ఆడేమైంది?"

"ఏం కాలా. ఉత్త కాళ్ళతో నిలబడితే మోకాలి కింద చురుక్కుమంటది. బండలు చల్లంగా ఉంటాయి గదా, అందుకేమో. బూట్లేసుకుంటే ఏమీ లేదు."

ఇంతలో చెంగమ్మ ఫోను లాక్కుంది. "తలకు నూనె పెట్టుకుంటుండావా? పెరుగన్నం తిని పరిగెత్తబాకు, కడుపులో పట్టేస్తది." తల్లీ కూతుళ్ళు నవ్వుకున్నారు. ఫోను పెట్టేశాక పెంచలయ్య కంచం ముందు కూర్చుని కలిపిన అన్నమే మళ్ళీ కలుపుతున్నాడు.

బూటుంటే నొప్పి లేదు. బూటు తీస్తే నొప్పి ఉంది. నలభై మందిలో ఒక్కరూ ఈ మాట అనలేదే.

"పిల్ల బాగుండానంటే నీకు దిగులేందయ్యా?" అంది చెంగమ్మ.

"అదే నాకూ తెలీడం లా," అన్నాడు.

తెల్లవారి స్నానం చేసి, పూలు కోసుకురావడానికి పెరట్లోకి వెళ్ళి తిరిగి వస్తూ ఆయన గడప దగ్గర ఆగాడు. మెట్టు మీద తన వెన్నముద్దలు రెండూ పక్కపక్కన ఉన్నాయి. తను వాటిని దాటి ఉత్త కాళ్ళతో లోపలికి అడుగు వేయబోతున్నాడు. నిన్నా అంతే, మొన్నా అంతే. బుద్ధి తెలిసిన నాటి నుంచీ అంతే.

ఫారంలో నాలుగో ప్రశ్న గుర్తొచ్చింది. "రోజంతా వేసుకున్నారా?" ఆరు నెలలూ తన ఫారంలో తనే 'అవును' అని గుర్తు పెట్టుకున్నాడు. అబద్ధమాడుతున్నానన్న ఊహ కూడా రాలేదు. గడప లోపల చెప్పులుండవు. ఉండనిచోట వేసుకోకపోవడం వేసుకోకపోవడమే కాదు! నిజంగా రోజంతా వేసుకున్నది కామాక్షి ఒక్కతేనేమో.

చేతిలో పూలు చేతిలోనే ఉన్నాయి. "పూజ కాకుండా యాడికయ్యా?" అని చెంగమ్మ అడుగుతుండగానే చొక్కా తగిలించుకుని బస్టాండుకు బయల్దేరాడు.

కండక్టర్ మస్తానయ్య టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నలభై మందిలో అందరికంటే ఎక్కువ నడిచినవాడని ఆయనకు కంపెనీ వాళ్ళు శాలువా కప్పారు.

"మస్తానయ్యా, బూట్లు రోజంతా వేసుకున్నావు గదా?"

"ఏసుకోకుండా? లేచినకాడి నుంచి పండుకునేదాకా. ఫారంలో రాసిస్తిని గదా సార్."

"ఇంట్లో?"

మస్తానయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఇంట్లో ఎవురన్నా బూట్లేసుకుంటారా? మా ఆడమనిషి కాళ్ళిరగ్గొట్టదూ! మీకేమన్నా జొరమా సార్?"

"డిపోలో అన్నం తినేటప్పుడు?"

"విప్పేస్తా. అన్నం ముందర బూట్లేంది, పాపం."

"మరి రోజంతా అని రాసినావే!"

"రోజంతానే గదా ఏసుకునింది," అన్నాడు మస్తానయ్య. ఆ మాటలో తప్పేమిటో ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. పెంచలయ్యకూ నిన్నటిదాకా అర్థం కాలేదు మరి.

కంపెనీకి చేరేసరికి పదిన్నర. గోదాములో వెన్నముద్దల పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి, సోమవారం ఆస్పత్రులకు వెళ్ళాలి. హైమవతి మేడం చప్పుడు లేని నడకతో ఎదురొచ్చింది. ఆమె కాళ్ళకూ అవే బూట్లు.

పెంచలయ్య గడప సంగతి, ఫారాల సంగతి చెప్పాడు. కూతురి సంగతి చివర్న చెప్పాడు.

"నలభై మంది లెక్క నీ ఒక్క అనుమానంతో కొట్టుకుపోతుందా?" అంది మేడం. కోపం కాదు, గొంతులో బెదురు. "మడమ అంకె ఒక్కరికైనా తగ్గిందా?"

"మేడం, మీరు ఇంట్లో కూడా వేసుకుంటారా?"

ఆమె తన బూట్ల వైపు చూసుకుంది. కంపెనీ ఇచ్చిన ఇంట్లో ఆమె ఒక్కతే ఉంటుంది. ఏడాదిగా మోకాలు సలుపుతోంది. వంటింట్లోనూ అవే బూట్లు. అడగడానికీ, అదిలించడానికీ ఎవరూ లేరు.

"ఒకసారి కాలు పెట్టెలో పెట్టండి," అన్నాడు పెంచలయ్య.

తొంభై పైన ఉంటే ఎముక గట్టిది. అరవై అయిదు లోపలికి దిగితే గుల్లబారుతున్నట్టు. పరీక్ష మొదలైన నాడు ఆమె అంకె ఎనభై ఎనిమిది. పెట్టె సన్నగా గుయ్యిమంది. అంకె వచ్చింది. అరవై ఒకటి.

ఆమె రెండో కాలు పెట్టింది. అరవై.

అవతల ఇనుప మడమ ఒక్కటే పడి లేస్తోంది, చప్పుడు లేకుండా.

"ఎముకలో మేస్త్రీలుంటారు పెంచలయ్యా," అంది మేడం చివరికి, బూటు తాళ్ళు విప్పుకుంటూ. "అడుగు పడ్డప్పుడల్లా తలుపు తట్టినట్టు వాళ్ళకు దెబ్బ వినపడాలి. వినపడితేనే కడతారు. వినపడకపోతే ఈ ఇంట్లో మనుషులు లేరనుకుని ఇటుకలు పీక్కుపోయే ముఠా దిగుతుంది. మీరంతా ఇంట్లో ఉత్త కాళ్ళతో తిరిగి పూటకు రెండు గంటలు తలుపు తట్టారు. అదే మిమ్మల్ని కాపాడింది. నా నురుగు గొప్ప కాదు."

"పిల్ల ఇవాళ పరిగెత్తుద్ది మేడం. బూటుంటే దెబ్బ తగలదు గదా? ఈ ఒక్క పరుగూ..."

ఆమె తల అడ్డంగా ఊపింది. "నేల దెబ్బ తగలదు. కండ లాగే లాగుడు ఉంటుంది. చివరి రెండు వందల మీటర్లలో పిక్క ఎముకను విల్లులా వంచుతుంది. గట్టి ఎముక వంగి లేస్తుంది. గుల్లబారినది లేవదు, విరుగుతుంది. మీ అమ్మాయిది ఎన్నాళ్ళు?"

"అయిదు నెలలు."

"బయల్దేరు," అంది మేడం.

హాస్టల్‌కు ఫోను చేస్తే పిల్లలు మైదానానికి వెళ్ళిపోయారన్నారు. కోచ్ ఫోను మోగి మోగి ఆగిపోతోంది. ఇంటికెళ్ళి చెంగమ్మను వెంటబెట్టుకుని బస్టాండుకు వస్తే, దొరికిన నెల్లూరు బస్సు ఒంటిగంటకు కదిలింది. గూడూరు దాకా బాగానే వచ్చింది. అక్కడ డ్రైవరు భోజనానికి దిగాడు.

బస్సులో చెంగమ్మ పక్కనే కూర్చుని ఉంది. విషయం సగం చెప్పాడు, మిగతా సగం ఆమే గ్రహించింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. చెంగాళమ్మకు మొక్కుకుంటోంది. పెంచలయ్యా పెంచలకోన స్వామిని తలుచుకోబోయాడు. నోరు తిరగలేదు. ఏమని మొక్కాలి? నేను ఇచ్చినదాన్నుంచి నా బిడ్డను కాపాడమనా? దేవతల పాదాలు నేలకు తగలవంటారు. అది వాళ్ళకు చెల్లింది. మనిషికి కూడా అలాంటి నడక తెచ్చిపెడదామని చూస్తే అది పాపమా? మోకాళ్ళరిగిన తల్లి గుమ్మం దాటాలని కోరుకోవడం పాపమైతే కాదు గదా. ఎక్కడ తప్పాం? ఎంత ఆలోచించినా ఆ గడప దగ్గరికే వచ్చి ఆగుతోంది.

"డ్రైవరన్నా, కాస్త తొందరగా పోనీ నాయనా," అని చెంగమ్మ గట్టిగా అరిచింది. బస్సులో అందరూ వెనక్కి తిరిగి చూశారు.

మైదానం చేరేసరికి నాలుగుకు ఆరు నిమిషాలు. మైకులో పదిహేను వందల మీటర్ల అమ్మాయిలను పిలుస్తున్నారు. పెంచలయ్య తాడు కింద నుంచి దూరాడు. కామాక్షి వీపుకు నంబరు తగిలించుకుని అక్కడికక్కడే గెంతుతోంది. ఒక్క గెంతుకూ చప్పుడు లేదు.

"ఏందయ్యా నువ్వు? గీత దాటి రావొచ్చా?" కోచ్ అడ్డం వచ్చాడు.

"ఒక్క నిమిషం సార్, దండం పెడతా. పిల్ల తండ్రిని. తల్లీ, ఆ బూట్లు ఒక్కసారి విప్పు."

"ఇప్పుడా? నాయనా, పిలుస్తుండారు!"

"విప్పి, ఈ సిమెంటు గట్టు మీద కుడికాలితో ఒక్కసారి ఎగిరి దూకు. నొప్పి లేకపోతే నేనే తొడిగి తాళ్ళు కడతా. పోయి పరిగెత్తు. ఒక్క మాట కూడా అనను."

కామాక్షి తండ్రి మొహం చూసింది. తల్లి మొహం చూసింది. వంగి తాళ్ళు విప్పింది. గట్టెక్కి కుడికాలి మీద నిలబడింది. ఎగరలేదు.

"దూకు తల్లీ."

"దూకను."

"ఎందుకని?"

ఆ పిల్ల ఎడమకాలు కూడా గట్టుకు ఆన్చింది. "ఇరవై రోజులుగా ఉండాది నాయనా. చెప్తే బూట్లు తీసేసుకుంటావని చెప్పలా. ఈ ఒక్కటీ పరిగెత్తి చెప్పేద్దామనుకుంటి. బూట్లేసుకుంటే లేదు గదా నొప్పి. నిజంగా లేదు."

"లేదు. అదే దాంతో వచ్చిన చిక్కు. లోపల ఎముక పలచబడిపోయుండాది."

"నువ్వే గదా ఇడవొద్దన్నావు!" అంది కామాక్షి. అందరూ వినేటట్టు అంది. "నువ్వే గదా, ఎంతేసుకుంటే అంత బాగా నేర్చుకుంటదన్నావు!"

"నేనే అన్నా," అన్నాడు పెంచలయ్య. విప్పిన బూట్లు చేతిలోకి తీసుకున్నాడు. "నేనే అన్నా తల్లీ."

మైకులో ఆమె పేరు రెండోసారి పిలిచారు. కోచ్ ఒకసారి పిల్ల కాలి వైపు, ఒకసారి గీత వైపు చూశాడు. "ఏమ్మా, నువ్వే చెప్పు."

కామాక్షి గట్టు మీద నుంచి దిగలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టి వీపు మీది నంబరు పిన్నులు తనే ఊడదీసుకుంది. ఒకటి చేతికి గుచ్చుకుంది. చెంగమ్మ ఆ వేలు పట్టుకుని తన కొంగులో నొక్కింది.

తుపాకీ పేలింది. పదకొండు మంది పరుగెత్తారు. కామాక్షి ఉత్త కాళ్ళతో కూర్చుని మొత్తం చూసింది. గెలిచిన పిల్ల గీత దాటగానే కామాక్షి గోడ మీది గడియారం వైపు చూసి, మెల్లగా అంది: "నా టైముకంటే నాలుగు సెకన్లు ఎక్కువ."

ఆస్పత్రిలో ఎక్స్-రే తీశారు. కుడి పిక్క ఎముకకు అడ్డంగా వెంట్రుకంత గీత కనపడింది. ఎముకల డాక్టరు దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. "ఇంకొక్క పరుగు పడుంటే రెండు ముక్కలయ్యేది," అన్నాడు. "ఇంత చిన్న వయసులో ఇంత పలచన ఎముక నేను చూడలేదు. ఏం చేశారు?"

"నేల తగలనీయలేదు సార్," అన్నాడు పెంచలయ్య.

"మళ్ళీ గట్టిపడతదా అయ్యా?" అని చెంగమ్మ అడిగింది.

"ముందు అతుక్కోవాలి. ఆరు వారాలు కాలు కదపొద్దు. ఆ తర్వాత కొంచెం కొంచెంగా దెబ్బ తగలనివ్వాలి. దెబ్బ తగిలితేనే గట్టిపడుతుందమ్మా. మళ్ళీ పరుగు సంగతి ఏడాది పోయాక మాట్లాడదాం."

సోమవారం పెట్టెలు గోదాము దాటలేదు. పెద్దవాళ్ళతో ఏం మాట్లాడిందో, ఎన్ని మాటలు పడిందో హైమవతి మేడం ఎవరికీ చెప్పలేదు. చేతికర్ర పట్టుకుని పరీక్షల గదికి వచ్చి, కొత్త ఫారం పెంచలయ్య ముందు పెట్టింది. నాలుగో ప్రశ్న దగ్గర ఖాళీ వదిలి ఉంది.

"నువ్వు రాయి. మన వాళ్ళకు అర్థమయ్యేటట్టు."

ఆయన ఆలోచించి రాశాడు: 'పొద్దున లేచినప్పటి నుంచి ఉత్త కాళ్ళతో ఎక్కడెక్కడ నడిచారు? ఇల్లు, గుడి, భోజనం, అన్నీ చెప్పండి.'

మేడం చదివింది. "నొప్పి లేకుండా చేయాలనుకోవడం తప్పా పెంచలయ్యా?"

"తప్పెట్టా అవుద్ది మేడం. ఎంతవరకూ తీసెయ్యాలనేదే మనకు తెలీలా."

ఆమె ఇనుప మడమ కింద మామూలు నురుగు బూటు ఒకటి పెట్టి మీట నొక్కింది. టప్. టప్. ఇద్దరూ కాసేపు ఆ చప్పుడు వింటూ నిలబడ్డారు.

మూడో నెలలో డాక్టరు కామాక్షికి ఒక వ్యాయామం చెప్పాడు. మునివేళ్ళ మీద లేచి, మడమలను బండ మీద పడేయాలి. పూటకు యాభై సార్లు. మొదటి పొద్దున ఆ పిల్ల నట్టింట్లో గోడ పట్టుకుని నిలబడింది. లేచింది, దిగింది. మళ్ళీ లేచింది, దిగింది. భయంతో మడమలను ఆన్చీ ఆనకుండా దించుతోంది. పరుగులో గువ్వలా దూసుకుపోయే పిల్ల నేలను చూసి బెదిరిపోవడం పెంచలయ్య దేవుడి అర ముందు కూర్చుని చూస్తున్నాడు. చేతిలో హారతి పళ్ళెం. కర్పూరం ఇంకా వెలిగించలేదు.

వంటింట్లోంచి గరిటె చప్పుడు ఆగింది.

"ఏందే అది, పిల్లి నడిచినట్టుండాది?" చెంగమ్మ అరిచింది. "నాకీడికి వినపడ్డంలా. గట్టిగా కొట్టు, నా తల్లీ!"

కామాక్షి తండ్రి వైపు చూసింది. కళ్ళు మూసుకుంది. లేచి, బరువంతా వదిలేసింది.

నేల అదిరింది. అరలో గంట సన్నగా మోగింది.

పెంచలయ్య అగ్గిపుల్ల గీశాడు.